రెండు దెబ్బలు కొడితే కాలు తియ్యాలి

పోయిన నెల మా పాత షెడ్డు ఖాళీ చేశాం. అది మైదుకూరులో కడప రోడ్డు పక్కనే ఉండేది. ఊరి బయట బైపాస్ పడినాక పెద్ద బండ్లు ఊళ్లోకి రావడం తగ్గిపోయింది. బండ్లు ఎక్కడ తిరిగితే మెకానిక్కు అక్కడికి పోవాలి కదా. అందుకని మా అబ్బాయి మస్తాను బైపాస్ పక్కన కొత్త రేకుల షెడ్డు వేసుకున్నాడు. పాత షెడ్డులో ఇన్నేండ్ల సామాను. పనికొచ్చేది ఒక కుప్ప, పాత ఇనుము కొట్టుకు వేసేది ఒక కుప్ప, పొయ్యిలోకి పోయేది ఒక కుప్ప పోస్తున్నాం. గ్రీసు డబ్బాలు పెట్టే అరకూ గోడకూ మధ్య సందులో ఒక కట్టె ఇరుక్కుని ఉంది. మస్తాను దాన్ని లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, పొయ్యి కుప్ప మీదికి విసిరాడు. నేను లేచిపోయి తెచ్చుకున్నాను. మోచెయ్యి పొడుగు ఉంటుంది. రెండు చోట్ల కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి. కొంగుతో తుడిస్తే జిడ్డు కింద నుంచి నున్నటి కర్ర బయటపడింది.

"ఏందిమా అది?" అన్నాడు మస్తాను.

"మీ జేజినాయన కట్టె."

"దేనికి?"

"క్లచ్చి చూసేదానికి."

వాడు నవ్వాడు. "కట్టెతో క్లచ్చి చూసేది యాడన్నా ఉందామా?"

చెబుదామని కూర్చున్నాను. ఈలోపల వాడి ఫోను మోగింది, పోయాడు. మా కోడలు చూసి, పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు చింపి నా చేతికిచ్చి, "రాయత్తా, చెప్తే వినే తీరిక ఎవరికుంది" అంది. నేను అయిదో తరగతి దాకా చదివాను. ఇన్నేండ్లలో నేను రాసింది షెడ్డు గోడ మీద బండ్ల నంబర్లు, రేషను షాపులో నా పేరు, అంతే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూడు రోజులు ఆ కాగితాలు దిండు కింద పెట్టుకున్నాను. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి. కట్టె దగ్గర మొదలుపెడతాను. అదైతే నాకు బాగా తెలుసు.

మేము దూదేకులోళ్లం. మా మామ పేరు ఖాసీం సాబు. ఆయన నాయన పరుపులకు విల్లుతో దూది ఏకుతూ ఊరూరూ తిరిగేవాడంట. ఆ విల్లు నారి మోత వింటూ పెరిగినందుకే ఇంజను చప్పుడులో తేడా తనకు ఇట్టే తెలుస్తుందని మామ అనేవాడు. ఆ విల్లు విరిగిపోయినాక దాని ముక్కనే చెక్కి ఈ కట్టె చేసుకున్నాడు. నేను ఆత్మకూరు పిల్లను. మా ఇంటికి అడవి మీద నుంచి గాలి వచ్చేది. పెండ్లయి మైదుకూరు వచ్చినాక నాకు దొరికిన గాలి వేరు. రోడ్డు దుమ్ము, కాలిన నూనె, పక్క మండీలో మిరపకాయల ఘాటు, అన్నీ కలిసి ఒకటే గాలి. షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒకటే గోడ. గోడకు ఇటు పొయ్యి, అటు గ్రీసు డబ్బాలు. మొదట్లో సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నా డీజిలు వాసన వచ్చేది. తర్వాత అది తెలియకుండా పోయింది.

పొద్దున్నే అత్త జొన్నరొట్టె తట్టే చప్పుడు, దాని వెంటనే మామ పానాల పెట్టె మూత తెరిచే చప్పుడు వచ్చేవి. ఆ రెండూ వినపడితే ఇల్లు లేచినట్టు. మామ బట్టలు వేరే బకెట్టులో చాకలి సోడా వేసి, చుక్క కిరసనాయిలు పోసి నానబెట్టాలి. ఎంత బాదినా ఆ చొక్కాలు తెల్లబడింది నేను చూడలేదు. ఆ పని నాకు అప్పజెప్పిన రోజు అత్త తన చేతులు చూసుకుని, "ఇంగ నాకు గోరింటాకు పండుతాదిలే" అని నవ్వింది. నాకు రొట్టె తట్టడం సరిగా వచ్చేది కాదు, పెనం మీద మాడ్చేదాన్ని. గోడ అవతల నుంచి మామ గొంతు వినపడేది. "ఎవురిదప్పా ఈ బండి? క్లచ్చి కాలతాంది." షెడ్డులో ఉన్న డ్రైవర్లంతా నవ్వేవాళ్లు. నేను పొయ్యి దగ్గర తల వంచుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, క్లచ్ కాలిన వాసన ఎట్లుంటుందో నాకు మొదట తెలిసింది నా రొట్టెల వల్లే.

మామ పనిచేసే తీరు ఒకటి ఉండేది. బండి వస్తే వెంటనే ముట్టుకోడు. టీ సాసర్లో పోసుకుని తాగుతూ బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. పాత టైరు కోసి కుట్టిన చెప్పులు ఆయనవి. షెడ్డంతా ఇనుప రజను కాబట్టి అవి లేకుండా ఒక అడుగు వేసేవాడు కాదు. ఎండాకాలంలో బండి ఎప్పుడొచ్చినా మరుసటి రోజు పొద్దున దాకా నిలబెట్టి, ఇంజను పూర్తిగా చల్లారినాకే కిందికి దూరేవాడు. చల్లారని బండి కింద పడుకునేది, పొయ్యి కింద పడుకునేది ఒకటే అనేవాడు. డ్రైవరు చెప్పేదంతా వినేవాడు. క్లచ్ గురించి అయితే చివర్న ఒక ప్రశ్న అడిగేవాడు. "కాలు యాడ పెడ్తాండావప్పా?" పని లేనప్పుడు కూడా క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి బండి నడపడం డ్రైవర్లకు చెడ్డ అలవాటు. మామ లెక్కలో సగం క్లచ్చిలు అట్లానే పోయేవి.

ఆయనకు ఒక మోకాలు సరిగా వంగేది కాదు. ఎప్పుడో జాకీ జారి బండి దాని మీద పడిందంట. బండి కిందికి దూరితే మళ్లీ బయటికి రావడం పెద్ద పని. పైకెక్కి పెడల్ నొక్కడానికి ఒక మనిషి కావాలి. మా ఆయన వేరే బండి మీద డ్రైవరు, పది రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. బండి తెచ్చిన డ్రైవర్లను మామ ఎక్కనిచ్చేవాడు కాదు. వాళ్ల కాళ్లు మొద్దుబారి ఉంటాయి, ఒకటే తొక్కుడు తొక్కుతారు, బరువు ఎప్పుడు తగిలిందో చెప్పలేరు అనేవాడు. ఒకరోజు నేను టీ తీసుకుని పోతే బండి కింద నుంచి, "ఎవురుండారాడ? ఎక్కి క్లచ్చి నొక్కు" అన్నాడు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. టీ గ్లాసు చక్రం పక్కన పెట్టి ఎక్కాను. పని అయినాక మామ బయటికి వచ్చి, నన్ను చూసి, టీ తాగాడు. మరుసటి రోజు "మాబూ" అని నన్నే పిలిచాడు.

అత్తకు ఇది నచ్చలేదు. "కొత్త కోడలు లారీ ఎక్కి కూచుంటే రోడ్డున పొయ్యేవాళ్లు ఏమనుకుంటారు?"

"డ్రైవరనుకుంటారు" అన్నాడు మామ.

మామకు అప్పటికే చెవులు సగం పోయాయి. ఇనుము మీద సుత్తి దెబ్బలు అన్నేండ్లు విన్న చెవులవి. నాకేమో మామ ముందర గొంతెత్తే అలవాటు లేదు. మా ఇండ్లలో కొత్త కోడళ్లు అట్లా మాట్లాడేవాళ్లు కాదు. అందుకని ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. మామ కింద నుంచి ఛాసిస్ మీద పానాతో ఒక దెబ్బ కొడితే నేను పెడల్ నొక్కాలి. రెండు దెబ్బలు కొడితే కాలు తియ్యాలి. బరువు తగలగానే నేను ఈ కట్టెతో కేబిన్ కింది రేకు మీద ఒకసారి తట్టాలి. ఆ అదురు ఆయన చేతికి తెలిసేది. అట్లా గంటలు గంటలు ఒక్క మాట లేకుండా పని చేసేవాళ్లం. ఆ ఇంట్లో నేను ఎక్కువ మాట్లాడింది మామతోనే అని ఇప్పుడు అనిపిస్తుంది, అదంతా కట్టెతో మాట్లాడిందే అయినా.

క్లచ్ ఏమిటో నాకు మామ చెప్పిన తీరులోనే చెబుతాను. ఇంజను తిరుగుతుంటుంది. ఆ తిరుగుడును గేరుపెట్టెకు అందించేది క్లచ్ ప్లేటు. పెడల్ నొక్కితే ప్లేటు వదులుతుంది, కాలు తీస్తే పట్టుకుంటుంది. పట్టు చాలకపోతే జారుతుంది. తడి చేత్తో సీసా మూత తిప్పినట్టు, చెయ్యి తిరుగుతుంది గానీ మూత తిరగదు. బండి కూడా అంతే. ఇంజను అరుస్తుంది, చక్రాలకు బలం చేరదు, ప్లేటు కాలి వాసన వస్తుంది. జారేది నిజమో కాదో తెలుసుకోవడానికి మామ హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, టాప్ గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలేవాడు. పట్టున్న క్లచ్ అయితే ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉందంటే జారుతున్నట్టు. తర్వాత ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ ఆ గుండ్రటి పెట్టె అడుగున నూనె కారిందా అని వేలు పెట్టి చూసి, ఆ వేలు వాసన చూసేవాడు. ప్లేటుకు నూనె తగిలితే అది వేరే రోగం, ఎంత బిగించినా లాభం లేదు.

నూనె లేకపోతే అప్పుడు కట్టె వచ్చేది. పెడల్ పక్కన దాన్ని నిలబెట్టాలి. పై గాటు, పెడల్ ఊరికే ఉన్నప్పుడు ఉండాల్సిన ఎత్తు. కింది గాటు, బరువు తగలాల్సిన చోటు. ఆ రెండిటి మధ్య పెడల్ తేలికగా దిగాలి. దాన్ని ప్లే అనేవాళ్లు. బోరింగు కొట్టేటప్పుడు మొదటి రెండు మూడు దెబ్బలు ఊరికే పోయి, తర్వాత నీళ్ల బరువు చేతికి తగులుతుంది కదా, అట్లా. ఆ ఖాళీ నడక లేకపోతే కాలు తీసినా క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది, పట్టు దొరకదు. మొదట చేత్తోనే నొక్కి చూడమనేవాడు మామ. "కాలికి బలముంటాదమ్మా, బరువు తెలీదు. చేతికి తెలుస్తాది" అనేవాడు. ప్లే లేకపోతే కింద రాడ్డు మీదున్న లాక్ నట్టు వదులు చేసి, లోపలి నట్టును కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి. నేను పైన నొక్కి చూస్తూ, కింది గాటు దగ్గర బరువు తగలగానే తట్టాలి. ఆయన లాక్ నట్టు బిగించేస్తాడు. పని అంతే. కష్టమైన పని కాదు, ఓపిక పని.

ఈరన్న బండి మొదటిసారి మా షెడ్డుకు వచ్చింది ఒక ఎండాకాలం, ఉగాది దాటినాక. ఈరన్నది ఆలూరు పక్క పల్లె. నలభై అయిదేండ్ల మనిషి, సన్నగా, నల్లగా, మాట తక్కువ. ఆ ముసలి లారీని పంతొమ్మిదేండ్లుగా ఆయనే నడుపుతున్నాడు. బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని, మా ఊరి మీదుగా కడప దాటి, గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటి వైపు పోవాలి. ఘాటు ఎక్కలేక వెనక్కి తిప్పుకుని వచ్చాడు. "ఇంజను అరస్తాది మేస్త్రీ, బండి కదల్దు" అన్నాడు. మామ అన్నీ చూశాడు. నూనె లేదు. ప్లే అసలే లేదు, వేలితో తాకితేనే బరువు తగిలింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మామ కిందికి దూరాడు, నేను ఎక్కాను. కేబిన్‌లో దేవుడి పటం ఉంటుంది కాబట్టి ఈరన్న చెప్పులు మెట్టు కిందే విడిచి ఎక్కేవాడు, వట్టి కాళ్లతోనే నడిపేవాడు. ఎవరి దేవుడైతేనేం, నేను కూడా కిందే విడిచి ఎక్కాను. సరిచేసి పంపించాం.

పది రోజులు కాలేదు, మళ్లీ వచ్చింది. మళ్లీ ప్లే లేదు. మామ టీ తాగుతూ తన ప్రశ్న వేశాడు.

"ఏమప్పా ఈరన్నా, కాలు యాడ పెడ్తాండావు?"

"కిందనే పెడ్తాండా మేస్త్రీ."

"కింద పెడ్తే ప్లేటు ఇంత బిన్నా, పది రోజులకే, అరిగి పోదు."

"పటం మింద పెమాణం. కిందనే పెడ్తాండా. పంతొమ్మిదేండ్లు నడిపినా, ఎప్పుడన్నా క్లచ్చి కాల్చినానా?"

"అదే నేనూ అడుగుతాండా" అన్నాడు మామ. అక్కడ ఉన్నవాళ్లు నవ్వారు. ఈరన్న నవ్వలేదు. ఆ రోజు కూడా సరిచేసి పంపించాం. ఈరన్న పోయినాక మామ నాతో, "మనిషి మంచోడే. కాలే చెడ్డది" అన్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం. బండిలో ఈరన్న పక్కన ఓనరు కూడా ఉన్నాడు. ఆయన పేరు నారాయణప్ప, తెల్ల చొక్కా, పెద్ద గొంతు. ఎడమ పక్క సీటు మీద కాళ్లు మడుచుకుని కూర్చుని వచ్చాడు. దిగుతూనే, "ఖాసీమూ, ప్లేటుదా తప్పు, డ్రైవరుదా? ఒక మాట సెప్పు" అన్నాడు.

మామ పెడల్ చేత్తో నొక్కి చూసి, వాసన చూసి, "ప్లేటుకు కాళ్లు లేవు నారాయణప్పా" అన్నాడు.

ఆ మాట చాలింది. నారాయణప్ప ఈరన్న వైపు తిరిగి, కేక వేయకుండానే, "సాయంత్రానికి బేతంచెర్ల నుంచి వేరే డ్రైవరును పిలిపిస్తా. నువ్వు బండి ఈడ అప్పజెప్పి ఊరికి పో" అన్నాడు. ఈరన్న మా వాకిట్లో బట్టలు ఉతికే బండ మీద పోయి కూర్చున్నాడు. వాళ్ల పక్క మూడేండ్లుగా వాన లేదని, ఊళ్లో సగం మంది సుగ్గికి, అంటే వేరే సీమల్లో పంట కోతల పనికి, వలస పోయారని, తన జీతం ఉంది కాబట్టే పెండ్లామూ ఇద్దరు ఆడపిల్లలూ ఊళ్లో నిలిచారని రెండోసారి వచ్చినప్పుడు అత్తతో చెప్పి ఉన్నాడు. అందుకే అత్త పిలవకుండానే సంగటి, ఉల్లికారం తట్టలో పెట్టి తీసుకుపోయి ఇచ్చింది. ఆయన తట్ట పక్కన పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ముద్ద మీద ఈగలు వాలుతున్నాయి, తోలను కూడా లేదు.

నారాయణప్పకు తొందర. రాయచోటిలో రాళ్లు దించాల్సినవాళ్లు ఎదురుచూస్తున్నారంట. పొద్దున దాకా ఆగలేనని, ఇప్పుడే చేయమని పట్టుబట్టాడు. మామకు ఇష్టం లేకపోయినా గోనెపట్ట పరుచుకుని కిందికి దూరాడు. నేను ఎప్పటిలాగే చెప్పులు విడిచి, కట్టె పట్టుకుని ఎక్కాను. కేబిన్‌లో పొయ్యి ఊదినట్టు వేడి కొడుతోంది. కింద నుంచి ఒక దెబ్బ వినపడింది. నొక్కాను. రెండు దెబ్బలు. తీశాను. మళ్లీ రెండు దెబ్బలు. తీసే ఉన్నాను కదా అనుకుని ఊరికే ఉన్నాను. మళ్లీ రెండు దెబ్బలు, ఈసారి గట్టిగా. తర్వాత మామ గొంతు వచ్చింది.

"కాలు తియ్ మాబూ."

"తీసినా మామా" అన్నాను మెల్లగా. ఆయనకు వినపడలేదు. నారాయణప్ప వంగి కిందికి, "తీసిందంటప్పా" అని చెప్పాడు.

"తియ్యలా. రాడ్డు ఇంగా లాక్కోనే ఉండాది. నాకు కనపడతాంది."

నేను వంగి చూసుకున్నాను. నా ఎడమ కాలు పెడల్ మీదే ఉంది. నొక్కడం లేదు, ఊరికే ఆనించి ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు. తీసి కింద రేకు మీద పెట్టాను. మరుక్షణం కాలు దానంతటదే పైకి లేచి మళ్లీ పెడల్ మీదికి పోయింది. అరికాలు చురుక్కుమంది. మళ్లీ పెట్టాను, మళ్లీ లేచింది. ఆ రేకు కింద ఇంజను ఉడుకుతోంది. కాలు పెట్టుకోవడానికి అక్కడ వేరే చోటు లేదు, పెడల్ తప్ప. అంతకుముందు రెండుసార్లు ఆ బండి ఎక్కినా, రెండుసార్లూ చల్లారిన పొద్దుటి పూటే ఎక్కాను. మామ నడిపి చూసినప్పుడల్లా ఆయన కాళ్లకు టైరు చెప్పులు. ఈరన్న ఒక్కడే ఆ రేకు మీద వట్టి కాళ్లతో ఘాట్లు ఎక్కుతున్నాడు.

కిటికీలో నుంచి చూస్తే ఈరన్న ఇంకా బండ మీదే ఉన్నాడు, తట్ట అట్లనే ఉంది. నేను అంతవరకు పరాయి మగవాళ్ల ముందర మామతో గట్టిగా మాట్లాడి ఎరగను. కట్టెతో తట్టి చెప్పే మాట కాదది. కానీ నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు లేరు.

"మామా, నా కాలు పెడల్ మిందనే ఉండాది" అన్నాను, కిందికి వినపడేటట్టు. "తీసినాననే అనుకుంటి. కింద పెట్టేదానికి కావడంలా. రేకు కాలతాంది. ఈరన్నకు గూడా ఇట్లే అయింటాది. ఆయప్ప అబద్ధం సెప్పలా."

మామ మోకాలు పట్టుకుని మెల్లగా బయటికి వచ్చాడు. చెయ్యి చాపి రేకు మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీశాడు. తర్వాత నేను ఎన్నడూ చూడని పని చేశాడు. టైరు చెప్పులు విడిచి మెట్టు కింద పెట్టి, నన్ను దిగమని, తను ఎక్కి కూర్చున్నాడు. అట్లా కూర్చుని తన కాలినే చూసుకున్నాడు. దిగి వచ్చి, "నారాయణప్పా, నువ్వొకసారి ఎక్కు" అన్నాడు.

"నేనేందప్పా ఎక్కేది?"

"ఊరికే. చెప్పులు ఇడిసి కూచో. నేను కొట్టినప్పుడు నొక్కు, రెండు కొడితే తియ్."

నారాయణప్ప ఎక్కాడు. మామ కింద దూరకుండా వంగి నిలబడి పానాతో ఒకటి కొట్టాడు, తర్వాత రెండు కొట్టాడు. కొంచెంసేపు ఆగి అడిగాడు. "తీసినావా?"

"తీసినా."

"యాడ పెట్టినావు?"

"కిందనే పెట్టినా కదప్పా, సూస్కో" అని నారాయణప్ప తన కాలు చూపించబోయి ఆగిపోయాడు. ఆ కాలు పెడల్ మీద చక్కగా ఆని ఉంది.

తర్వాత తెలిసిందేమంటే, ఉగాదికి బండి కడిగి రంగులు వేయించినప్పుడు, కేబిన్‌లో చిరిగిపోయిన పాత రబ్బరు మ్యాటును నారాయణప్పే తీసి పారేయించి, మెరిసే కొత్త రేకు కొట్టించాడు. లక్ష్మి లాంటి బండి శుభ్రంగా ఉండాలని చేసిన పనే. ఈరన్న కాళ్లు పగిలి తోలు మందమైన కాళ్లు. ఆయనకు కాలినట్టు కూడా తెలియలేదు, కాలు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. చెప్పులు వేసుకుని నడపవచ్చు కదా అని నారాయణప్ప అనలేదు, ఎవరూ అనలేదు. పటం ఉన్న బండి అది.

మామ ఒక ఆపిల్ పెట్టె చెక్కను కోసి, దాని మీద టైరు ట్యూబు ముక్క మేకులు కొట్టి, పెడల్‌కు ఎడమ పక్కన కాలు పెట్టుకోవడానికి బిగించాడు. రేకు మీద మడిచిన గోనెపట్టలు పరిచాడు. క్లచ్ సరిచేశాడు. ప్లేటు చాలావరకు అరిగిందని, ఈ దఫా ఘాటు ఎక్కుతుంది గానీ వానకాలం లోపల మార్చాలని ఓనరుకు చెప్పాడు. ఇదంతా అయ్యేదాకా నారాయణప్ప నీడలో నిలబడి ఉన్నాడు. తప్పైందని అనలేదు. బండి సిద్ధమైనాక బండ వైపు చూసి, "వాడు కూడు తిన్యాడా?" అని అడిగాడు అత్తను.

"ఎట్ల తింటాడు, నువ్వు పెట్టిన ముద్ద మింగుడు పడితే కదా" అంది అత్త.

నారాయణప్ప గొంతు సవరించుకుని, "ఈరన్నా, తిని రా. రాయచోటిలో మనుసులు కాసుకోని ఉండారు" అన్నాడు. ఈరన్న ఈగలు తోలి, తట్ట ఒళ్లోకి తీసుకున్నాడు. మామ పోయి ఆయన పక్కన బండ మీద కూర్చున్నాడు. "ప్లేటుకు కాళ్లు లేవంటి. నా కాళ్లకు చెప్పులుండాయని నేను సూసుకోలా" అన్నాడు. ఈరన్న నోట్లో ముద్ద ఉంది, తల ఊపాడు. చెయ్యి కడుక్కుని పోతూ నా దగ్గర ఆగి, "పోయొస్తా చెల్లే" అన్నాడు. అంతే. ఆ రోజు పొద్దు మునిగేలోపల ఘాటు ఎక్కి దిగాడని తర్వాత చెప్పారు.

అప్పటి నుంచి మామ ఆ ప్రశ్న అడగడం మానేశాడు. క్లచ్ జారుతుందని ఏ బండి వచ్చినా, వేడి మీద ఉండగానే ముందు చెప్పులు విడిచి, తను ఎక్కి ఆ సీట్లో కాసేపు కూర్చునేవాడు. కొత్తగా చూసేవాళ్లకు ఆయన కునుకు తీస్తున్నట్టు ఉండేది. ఈరన్న మా షెడ్డు ముందర నుంచి పోయినప్పుడల్లా రెండుసార్లు హారను కొట్టేవాడు. ఆగేవాడు కాదు. పొయ్యి దగ్గర అత్త, "నీ అన్న పోతాండాడు" అనేది. ఆ రెండు హారన్లకు అర్థం తెలిసింది మా ముగ్గురికే. కొన్నేండ్లకు ఆ బండి హారను కొట్టకుండా పోయింది. లోపల వేరే మనిషి ఉన్నాడు. ఈరన్న పెద్దకూతురి దగ్గరికి పోయి ఉంటున్నాడని ఎవరో చెప్పారు. ఇంకొన్నేండ్లకు ఆ బండీ కనపడలేదు. మామ పోయాడు, తర్వాత అత్త పోయింది. మా ఆయన కూడా పోయాడు. షెడ్డు మస్తాను చేతికి వచ్చింది.

ఇప్పటి బండ్లకు ఈ కట్టెతో పని లేదు. చాలా వాటిలో క్లచ్ నూనె ఒత్తిడితో నడుస్తుంది, ప్లే దానంతటదే సర్దుకుంటుంది. కేబిన్‌లో ఏసీ కూడా ఉంటుంది. తప్పు ఎక్కడుందో మస్తాను ఒక చిన్న పెట్టె తగిలించి చదువుతాడు. ఇది మంచిదే. ఆ వేడిలో మామ మోకాలు పట్టుకుని దొర్లి బయటికి రావడం చూసినదాన్ని, ఆ రోజులే బాగుండేవని నేను అనలేను. నా కాలు కూడా ఇప్పుడు పెడల్ తొక్కే కాలు కాదు. కానీ ఆ పెట్టె బండిని చదువుతుంది గానీ, సీట్లో కూర్చునేవాడి కింద రేకు కాలుతుందో లేదో చదవదు. ఇంత రాసి ఆ ఒక్క మాట చెప్పడానికేనా అంటే, అవును, దానికే.

కొత్త షెడ్డు తెరిచిన నాలుగో రోజు ఒక పాత లారీ వచ్చింది, ఉల్లిగడ్డల లోడు. క్లచ్ జారుతోంది. ఇట్లాంటి బండ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. మస్తాను కిందికి దూరాడు. డ్రైవరు నలభై దాటిన మనిషి, వట్టి కాళ్లతో పైన కూర్చున్నాడు. నేను నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాను. మస్తాను చిన్నప్పటి నుంచి జేజినాయనను చూసిన అలవాటు కాబోలు, నోటితో చెప్పకుండా పానాతో ఛాసిస్ మీద ఒక దెబ్బ కొట్టాడు. డ్రైవరుకు అర్థం కాలేదు, కిటికీలో నుంచి తల బయటపెట్టి నా వైపు చూశాడు. "ఏందిమా, ఏమంటాండాడు?"

"ఒకటి కొడితే నొక్కమని నాయనా. రెండు కొడితే కాలు తియ్యి" అన్నాను.

ఆయన నొక్కాడు. రెండు దెబ్బలు వినపడ్డాయి. "తీసినా" అన్నాడు.

"తీసినావో లేదో ఒకసారి వంగి సూసుకో" అన్నాను.

ఆయన నవ్వుతూ వంగాడు. తల ఎత్తేసరికి ఆ నవ్వు లేదు. మస్తాను కింద నుంచి బయటికి వచ్చి, బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.